పదిహేడో పేజీ నుంచి ముప్పై రెండో పేజీ దాకా

ఫిబ్రవరి 11

చెల్లాయికి,

ఆశీస్సులు. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ వదినకీ నాకూ పుస్తకాల మీద యుద్ధం నడుస్తోంది. రిటైరయ్యాక కాలేజీ గదిలో ఉన్నవి కూడా ఇంటికి తెచ్చేశాను కదా, ఇప్పుడు మంచం కిందా, కిటికీ గట్టు మీదా, ఆవిడ కుట్టుమిషను మీదా పుస్తకాలే. "బతికున్న మనుషులు కూర్చోడానికి చోటు లేదు గానీ చచ్చిపోయిన రచయితలంతా దర్జాగా కాళ్లు చాపుకున్నారు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. నవ్వొస్తుంది గానీ ఆమె ఎదుట నవ్వను.

అసలు సంగతికొస్తాను. వారపత్రికలో రెండేళ్లుగా నా చదువు గురించి రాస్తున్నానుగా, అవన్నీ కలిపి పుస్తకం వేస్తామని ఒక ప్రచురణకర్త అడిగాడు. ముప్పై ఆరేళ్లు క్లాసులో సాహిత్యం చెప్పి గొంతు పోగొట్టుకున్నా రాని పేరు ఈ వ్యాసాలతో వచ్చింది. ఈ వయసులో ఒక్కటే తెలుసుకున్నాను చెల్లాయ్. మనిషి పెద్దయ్యాక చదివేదంతా చిన్నప్పుడు చదివినదానికి వివరణే.

అందుకే కాబోలు, అన్నిటికన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చింది నా చిన్నప్పటి నోటుపుస్తకం మీద రాసిన వ్యాసానికి. నీకు గుర్తుండే ఉంటుంది. పన్నెండో ఏట నాకు తట్టు పోసి, కళ్లు దెబ్బతిని, ఏడు నెలలు అక్షరం చూడకూడదని డాక్టరు ఆకుపచ్చ గుడ్డ కట్టించాడు. మెట్ల కింద గదిలో పడుకుని నేను చెబుతుంటే, పదేళ్ల దానివి, నువ్వు రాసిపెట్టేదానివి. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో ఒక నవల గురించి నేను చెప్పిన మాట చూడు: "ఇల్లాలు చచ్చిపోతే మొగుడు నలభై పేజీలు ఏడ్చాడు. ఆ నలభై పేజీలూ పొయ్యి ఎవరు వెలిగించారో రాయలేదు." పన్నెండేళ్ల మగపిల్లాడికి ఈ చూపు ఎక్కణ్ణించి వచ్చిందని ఒక ప్రొఫెసరమ్మ మూడు పేజీల ఉత్తరం రాసింది!

పుస్తకానికి ఆ వ్యాసాన్ని కాస్త పెంచాలి. గొడుగులు బాగుచేస్తూ, చదివి తిరిగి తెచ్చిచ్చేవాళ్లకి ఊరికే పుస్తకాలిచ్చే తాత ఉండేవాడు కదా, ఆయన కొట్టు ఎలా ఉండేదో నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. నీకు పుస్తకాల గొడవ పట్టదని తెలుసు. అయినా గుర్తున్నంత రాయి.

అన్నయ్య


ఫిబ్రవరి 24

అన్నయ్యకి,

నమస్కారాలు. ఉత్తరం అందింది. పుస్తకం వస్తున్నందుకు చాలా సంతోషం. వదినని కుట్టుమిషను మీదవి ముందు తీసెయ్యమని నేను చెప్పానని చెప్పు. ఆడమనిషి పని చేసుకునే బల్ల మీద ఎవరు కూర్చున్నా నాకూ ఒళ్లు మండుతుంది.

గొడుగుల తాత కొట్టు నీకు గుర్తు రాకపోవడం సహజమే. నువ్వు అక్కడికి ఎన్నడూ రాలేదు. నీ కళ్లకి కట్టుంది, అంతకుముందు నీకు గోళీల మీద తప్ప దేని మీదా ధ్యాస లేదు. కొట్టు రెండు బారల వెడల్పు. వెనక గోడకి రెండు చెక్క అరలు, పైదానిలో గొడుగు ఊచలు, కిందిదానిలో పుస్తకాలు. ఏ పుస్తకం తీసినా తుప్పు వాసన వేసేది. తాత పుస్తకం ఇచ్చేముందు నా చేతులు చూపించమనేవాడు. అంట్లు తోమి వస్తే మసి ఉండేది, గోడకి రాసుకుని చూపించేదాన్ని.

ఇంకో సంగతి. నువ్వు చెబుతుంటే నేను రాశానని ఎలా అనుకున్నావు? నేను పైకి చదివేదాన్ని, నువ్వు వినేవాడివి. పది పేజీలు దాటితే గుర్రు పెట్టేవాడివి. అప్పుడు మిగతాది నేనొక్కదాన్నే చదువుకుని, ఏమనిపించిందో నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ పొయ్యి మాట నాదే అన్నయ్యా. నీకు అప్పట్లో పొయ్యి ఏ మూల ఉంటుందో కూడా తెలీదు! ఎలాగూ వ్యాసం పెంచుతున్నావు కాబట్టి ఆ ముక్క కాస్త సరిచెయ్యి.

మా ఆయన నడుంనొప్పి తగ్గింది. నాకు పని ఎప్పటిలాగే ఉంది.

చెల్లి


మార్చి 9

చెల్లాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. నీమీద కోపం కాదు. యాభై ఏళ్ల తర్వాత జ్ఞాపకం ఎలాంటి ఆటలాడుతుందో అని. అక్షరాలు నీవే, కాదనను. రాసింది నువ్వే కదా! చేతిరాత నీది కాబట్టి మాటలూ నీవే అనిపించడం సహజం. కానీ కళ్లకి కట్టుతో చీకట్లో పడుకున్నవాడికి లోపల ఎంత ఆలోచన తిరుగుతుందో పక్కన కూర్చున్న పదేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది? నోటుపుస్తకం నిండా "నేను", "నాకు" అనే ఉంది. ఆ నేను ఎవరో నాకు తెలియదా?

నీ బాధ వేరే అని మీ వదిన అంటోంది. ఆలోచిస్తే నాకూ అదే నిజమనిపించింది. కిందటేడు నీకు ఆపరేషనైతే నేను రాలేకపోయాను. పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని చెప్పాను, నిజానికి బద్ధకించాను. అది నీ మనసులో ఉండిపోయినట్టుంది. నాన్న నిన్ను బడి మానిపించిన సంగతి కూడా నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. అప్పుడు నేనూ చిన్నవాణ్ణే, నా చేతిలో ఏముంది? ఈ రెండింటికీ నన్ను క్షమించు.

ఈ ఉత్తరంతో నాలుగు పుస్తకాలు పంపుతున్నాను. తేలిక భాష, పెద్ద అక్షరాలు, చిన్న చిన్న కథలు. రోజుకి రెండు పేజీలు చదివినా చాలు, అలవాటవుతుంది. పుస్తకంలో నీకు కృతజ్ఞతలు తప్పకుండా చెబుతాను.

అన్నయ్య


ఏప్రిల్ 2

అన్నయ్యకి,

నువ్వు పంపిన నాలుగు పుస్తకాల్లో రెండు నేను కుట్టినవే. వెనక్కి పంపుతున్నాను.

ఆపరేషన్ సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను. నువ్వు బద్ధకించావని ఇప్పుడు చెప్పి గుర్తు చేశావు. నేను అడగనివాటికి క్షమాపణలు చెప్పి, అడిగినదానికి మాత్రం పెద్ద అక్షరాల కథలు పంపావు. నాకు కడుపు మండిపోయింది. అందుకే జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

నేను బైండింగు షాపులో పనిచేస్తానని నీకు తెలుసు. అక్కడ ఏం చేస్తానో ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి అడిగావా? చెబుతాను విను. ప్రెస్సు నుంచి పెద్ద కాగితాలు వస్తాయి. మడిస్తే ఒక్కోటి పదహారు పేజీల ఫారం అవుతుంది. మేం వాటిని మడిచి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేస్తాం. ఒకరోజు నా బల్ల మీదికి అరవై ఐదు నుంచి ఎనభై వస్తుంది, మర్నాడు వేరే పుస్తకంలోది నూట అరవై ఒకటి నుంచి నూట డెబ్బై ఆరు వస్తుంది. చెయ్యి మడుస్తుంటే కన్ను చదువుతూనే ఉంటుంది. అన్నం తినే గంటలో ఒక ఫారం ఒళ్లో పెట్టుకుని నిదానంగా చదువుతాను. అలా ఎన్ని వందల పుస్తకాలు చదివానో లెక్క లేదు, కానీ నాకు మొదలూ చివరా దొరికినవి తక్కువ. ఒకామె రైలెక్కుతుంది, ఎవరికోసమో తెలీదు. ఒకాయన తలుపు మూసేస్తాడు, లోపల ఎవరున్నారో తెలీదు. మిగతాది ఇంటికెళ్తూ నేనే కల్పించుకుంటాను. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. మొదటి పేజీ అందరూ బాగా రాస్తారు, చివరిదీ ఎలాగో లాక్కొస్తారు. రచయిత సరుకేమిటో తొంభై ఏడో పేజీలో తెలిసిపోతుంది, ఎవరూ చూడరనుకుని రాసే చోట. పుస్తకాల గొడవ పట్టనిదాన్ని కదా, ఈ ముక్క నీ శీర్షికలో వేసుకోకు.

ఇప్పుడు నోటుపుస్తకం సంగతి. ఆ ఏడాది అక్టోబరులో నాన్న నిన్ను పెద్ద కళ్లాసుపత్రికి తీసుకెళ్లాడు. ఐదో తారీకున వెళ్లి పదిహేడున వచ్చారు. అమ్మా నేనూ ఇంట్లో ఉన్నాం. నోటుపుస్తకంలో ఏడో తారీకు, పదకొండు, పదిహేను తీసి చూడు. మూడు పుస్తకాల మీద రాసి ఉంటుంది. అంత దూరం నుంచి నువ్వు చెబితే నాకు వినిపించిందా?

నీ కట్టు విప్పాక ఆ నోటుపుస్తకం బడికి పట్టుకెళ్లావు. మాస్టారు అందరినీ నిలబెట్టి చదివి వినిపించాడు. నేను ఆడపిల్లల వరసలో ఉన్నాను. నా మాటలు అంత గట్టిగా వినడం అదే మొదలు, ఎంత పొంగిపోయానో! సాయంత్రం నువ్వు మాస్టారికి నిజం చెబుతావనుకున్నాను. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు మాస్టారు నాన్నని పిలిపించి, వీణ్ణి పెద్ద బడికి పంపించండి, హాస్టల్లో పెట్టండి అన్నాడు. ఇద్దర్నీ చదివించే ఓపిక నాన్నకి లేదు. "దానికేం, అక్షరమ్ముక్క వచ్చింది, చాలు" అన్నాడు. నేను నోరు విప్పితే నీకు దెబ్బలు పడతాయని విప్పలేదు. నాన్న చేతిలో దెబ్బలు నీకు కొత్త, నాకు కాదు.

నీ చదువు వెనక్కివ్వమనడం లేదు, నీ పేరు తీసెయ్యమనడం లేదు. పుస్తకంలో ఒక్క వాక్యం వెయ్యి. "ఈ నోటుపుస్తకంలో మాటలు మా చెల్లెలివి." అంతే. కృతజ్ఞతలు నాకొద్దు.

చెల్లి


జూన్ 2

చెల్లాయికి,

ఆశీస్సులు. ఆలస్యానికి ఏమనుకోకు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు కూర్చున్నానో మీ వదినని అడుగు.

నోటుపుస్తకం తీసి చూశాను. నువ్వు చెప్పిన తేదీలు ఉన్నాయి. ఒప్పుకుంటున్నాను, ఆ మూడూ నీవే అయి ఉంటాయి. మిగతావాటిలో ఏది ఎవరిదో ఇప్పుడు ఎవరు తేల్చగలరు? నువ్వు చదివావు, నేను విన్నాను, ఇద్దరం మాట్లాడుకున్నాం. అందులోంచి పుట్టిన మాటలవి. నావి అనీ నీవి అనీ ముక్కలు చెయ్యడం నాకు మనస్కరించడం లేదు. ఇంకొక్క మాట అంటే నువ్వు నొచ్చుకోకూడదు. నేను ఆ రోజు బళ్లో చూపించకపోతే ఆ నోటుపుస్తకం పొట్లాలకి పోయేది. నువ్వు దాన్ని ఏం చేసేదానివి? నేను దానికి ఒక బతుకునిచ్చాను. నేను చదివిన ప్రతి పుస్తకం ఆ నోటుపుస్తకానికి తగ్గట్టు ఉండాలని చదివాను. అదేమన్నా తక్కువ బరువా?

అయినా నువ్వడిగిన వాక్యం వేద్దామనే నిర్ణయించుకున్నాను. నిన్న ప్రచురణకర్తకి కబురు చేస్తే, ఫారాలన్నీ అచ్చయిపోయి బైండింగుకి కూడా వెళ్లిపోయాయని చెప్పాడు. ఇక చేసేదేం లేదు. రెండో ముద్రణలో తప్పకుండా. నా మాట నమ్ము.

అన్నయ్య


జూన్ 13

అన్నయ్యకి,

సరే. అచ్చయిపోయాక ఏమీ చెయ్యలేమని నాకన్నా ఎవరికి తెలుసు? వేద్దామనుకున్నావు కదా, నాకు అది చాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి కాసేపు ఏడ్చాను. మా ఆయన కంగారుపడి ఎవరు పోయారని అడిగాడు.

కిందటి ఉత్తరంలో కాస్త కటువుగా రాశాను, మనసులో పెట్టుకోకు. పుస్తకం రాగానే ఒక కాపీ పంపు. ఈసారి ఒకటో పేజీ నుంచి చివరిదాకా వరసలో చదువుతాను.

చెల్లి


సెప్టెంబరు 1

చెల్లాయికి,

పుస్తకం వచ్చింది గానీ నీకు పంపడానికి చేతులు రావడం లేదు. నా పరువు ఎలా పోయిందో విను.

మొన్న ఆదివారం ఆవిష్కరణ సభ. హాలు నిండింది. నా పాత విద్యార్థులు, కాలేజీవాళ్లు, ఆ ప్రొఫెసరమ్మ కూడా వచ్చారు. నోటుపుస్తకం వ్యాసం చదివి వినిపించమని అందరూ అడిగారు. నాకిచ్చిన పది కాపీల్లోంచి ఒకటి తీసి తెరిచాను. పదహారో పేజీ తర్వాత ముప్పై మూడో పేజీ! ఇంకోటి తీశాను, అదీ అంతే. పదింటిలోనూ సరిగ్గా ఆ వ్యాసమే లేదు. ఇంకెవరి కాపీలోనైనా ఉందేమో అడగాలని కూడా తట్టలేదు. చూడకుండానే చెబుదాం, నా మాటలే కదా అని మొదలుపెట్టాను. "వంటగదిలో" అన్నాను. ఆ తర్వాత ఏమిటో రాలేదు. వేరేది ఎత్తుకుందామన్నా రాలేదు. మైకు ముందు నిలబడి అలా నీళ్లు నమిలాను. ప్రొఫెసరమ్మ తల దించుకుంది. నాకు వయసు మీద పడిందని జాలిపడి ఎవరో చప్పట్లు కొట్టారు.

ఏ దిక్కుమాలిన బైండింగు షాపుకి ఇచ్చారో తెలీదు. నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా, ఇలాంటి పొరపాటు ఎలా జరుగుతుందో కాస్త వివరంగా రాయి. ప్రచురణకర్తని నిలదీయాలి.

అన్నయ్య


సెప్టెంబరు 10

అన్నయ్యకి,

దిక్కుమాలిన షాపు మాదే. అది పొరపాటు కాదు.

నీ పుస్తకం ఫారాలు ఆగస్టు ఆరో తారీకున మా బల్ల మీదికి వచ్చాయి. ఎక్కడ అచ్చయినా మా షాపుకే వస్తాయని నేననుకోలేదు, నీకూ తెలిసి ఉండదు. సిరా తడి ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది. జూన్ మొదట్లో అచ్చయిపోయినవి ఆగస్టులో వేలికి ఎలా అంటుకుంటాయి? పేజీల వరస తెలియడానికి ప్రెస్సువాళ్లు చివరి ప్రూఫు కూడా జతచేసి పంపారు. దాని మీద నీ సంతకం ఉంది, జూలై ఇరవై అని తేదీ ఉంది. ఇరవై నాలుగో పేజీలో నీ ఎర్ర సిరా ఉంది. "పొయ్యి ఎవరు వెలిగించారో" అన్నదాన్ని కొట్టేసి "వంటగదిలో నిప్పు ఎవరు రాజేశారో" అని మార్చావు. నాకోసం ఒక్క వాక్యం వెయ్యడానికి జూన్‌లో వేళ మించిపోయింది. నా వాక్యం దిద్దడానికి జూలైలో కూడా వేళ ఉంది.

అప్పటికీ ఊరుకుందామనే అనుకున్నాను. మొదటి ఫారం మడుస్తుంటే అంకితం కనబడింది. "నేను చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టిన చిట్టి చేతికి." అన్నయ్యా, ఆ కాగితం పదకొండు వందల సార్లు మడిచాను. ప్రతిసారీ ఆ వాక్యం మీదుగానే చెయ్యి పోనివ్వాలి, మడత ఆ పక్కనే వస్తుంది. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పక్క బల్లామె ఏమైందని అడుగుతూనే ఉంది. కంట్లో దుమ్మన్నాను.

రచయితకి పంపాల్సిన పది కాపీలు విడిగా కట్టమన్నారు. ఆ పదింటిలోంచి పదిహేడు నుంచి ముప్పై రెండు దాకా తీసేసి కుట్టాను. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి, కావాలంటే అంగడిలో కొని చూసుకో. నీ పుస్తకం పాడుచెయ్యాలని కాదు. నీ చేతిలో ఉన్న పుస్తకంలో మాత్రం నా మాటలు ఉండకూడదనుకున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే యజమాని దగ్గరికెళ్లి జరిగింది చెప్పేశాను. లేకపోతే ఆ తప్పు పక్క బల్లామె మీద పడేది. ముప్పై ఒక్క ఏళ్లలో నా చేతి మీదుగా ఒక్క పేజీ తారుమారు కాలేదని ఆయనకి తెలుసు. అయినా, రేపటి నుంచి రావద్దమ్మా అన్నాడు. నేనాయన స్థానంలో ఉన్నా అదే అనేదాన్ని. పని పోయినందుకు బాధ ఉంది, దాచను. పనికన్నా ఫారాలు పోయినందుకు ఎక్కువ బాధగా ఉంది. చివర్లో చదువుతున్నదానిలో ఒక తల్లి కొడుకు కోసం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది. తర్వాతి ఫారం శుక్రవారం వస్తుందన్నారు. నేను గురువారం మానేశాను.

ప్రచురణకర్తని నిలదీయొద్దు, తప్పు నాది. తీసినవి షాపులోనే ఇచ్చేశాను, నీ కాపీలు బాగుచేసి పంపుతారు. రెండో ముద్రణలో నా గురించి ఏమీ వెయ్యకు, చిట్టి చేతిని కూడా తీసెయ్యి. నాకు ఇక ఉత్తరాలు రాయకు. వదిన రాస్తే జవాబిస్తాను.

చూడకుండా చెబుదామంటే "వంటగదిలో" తర్వాత ఒక్క మాటా రాలేదని రాశావు. నేను ఆ పదహారు పేజీల్లో ఉన్న నోటుపుస్తకం మాటలన్నీ మా ఆయనకి రాత్రి అన్నం వడ్డిస్తూ మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను, ఎక్కడా తడుముకోలేదు. అందులో ఒక్క ముక్కైనా నీదయ్యుంటే, ఆ మైకు ముందు నీ నోటికొచ్చేది.

చెల్లి